నలుగురిలో ఇన్సులిన్ పెన్ను బయటికి తీయడం ఎలా

తమ్ముడూ, టైప్ 1 షుగర్ అని తేలగానే ఆసుపత్రిలో లెక్కలన్నీ నేర్పిస్తారు. ఎన్ని యూనిట్లు, ఏ పూట, పొట్ట మీద ఎక్కడ పొడుచుకోవాలి, అన్నీ. నలుగురి మధ్య ఇన్సులిన్ పొడుచుకునే ఆ పెన్ను ఎలా బయటికి తీయాలో మాత్రం ఎవరూ చెప్పరు. నేను ఇంటర్ నుంచీ ఇన్సులిన్ మీదే ఉన్నాను, ఇప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల కౌంటర్ చూసుకుంటున్నాను. అక్కడ పనికొచ్చిన పద్ధతులు చెబుతాను. డోసుల సంగతి మీ డాక్టర్నే అడుగు.

అందరికీ చెప్పక్కర్లేదు. రోజూ పక్కన ఉండే ఇద్దరికి చెప్పు, కానీ పూర్తిగా చెప్పు. "నాకు షుగర్ ఉందిరా" అని వదిలేస్తే నీ ముందున్న స్వీటు ప్లేటు లాగేస్తారు, అంతే. నేను మా వాళ్లకి చెప్పింది ఇదీ: "ఇన్సులిన్ వల్ల ఒక్కోసారి షుగర్ మరీ పడిపోతుంది. 70 కంటే తగ్గితే నాకు చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది, ఊరికే కసురుకుంటాను. చూసేవాళ్లు తాగాడనుకుంటారు. అప్పుడు నేను 'ఏం లేదు, బాగానే ఉన్నా' అన్నా వినొద్దు. మూడు స్పూన్ల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించండి. పావుగంట ఆగి మళ్లీ టెస్ట్ చేయించండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకండి, పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి."

చెమట కూడా గుర్తే. కాకపోతే మే నెలలో బెజవాడలో చెమట పట్టనిదెవరికి?

ఆ 'ఏం లేదు' అనే మాటే మన మగపిల్లల్ని ముంచుతుంది. వణుకుతూ కూడా బండి తాళాలు ఇవ్వం. తాళాలు అడిగే హక్కు ఆ ఇద్దరికీ ముందే ఇచ్చెయ్యి. గ్లూకోజ్ లేకపోతే అరగ్లాసు మామూలు కూల్‌డ్రింకు తాగు, డైట్‌ది కాదు. దుర్గగుడి లడ్డూ ఇంట్లో ఉన్నా అప్పుడు వద్దు, అందులోని నెయ్యి చక్కెరని త్వరగా ఒంటికి ఎక్కనివ్వదు.

ఇంజక్షన్‌కి బాత్‌రూమ్‌లోకి వెళ్లకు. టిఫిన్ సెంటర్లో అయినా సరే, బల్ల దగ్గరే చొక్కా కొంచెం ఎత్తి పొడుచుకో. మొదటిసారి అందరి తలలూ నీవైపు తిరుగుతాయి, నాలుగోసారికి సాంబారు చాల్లేదని సర్వర్‌తో గొడవపడుతుంటారు. పెళ్లి భోజనాల దగ్గర మాత్రం తొందరపడకు. బంతి ఎప్పుడు లేస్తుందో ఎవరికీ తెలియదు, ఇన్సులిన్ వేసుకున్నాక తిండి ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. ఆకులో అన్నం పడ్డాకే వేసుకో.

మందు పార్టీలంటావా? మానితే మంచిది. మందు తాగితే లివర్ రక్తంలోకి చక్కెర వదలడం తగ్గిస్తుంది, షుగర్ అర్ధరాత్రి నిద్రలో పడిపోవచ్చు. ఖాళీ కడుపుతో అసలొద్దు.

పెన్నుని బండి డిక్కీలో పెట్టకు. వాడుతున్న పెన్ను 30 డిగ్రీల లోపు ఉండాలి, మా షాపు రేకుల కిందే ఎండాకాలం 40 దాటుతుంది. అలాగని ఐసుకి ఆనించకు, గడ్డకడితే ఇన్సులిన్ పనికిరాదు.

ఇక సలహాలు. "చిన్నప్పుడు స్వీట్లు ఎక్కువ తిన్నావా?" అంటారు. కాకర రసం తాగి ఇన్సులిన్ మానెయ్యమంటారు. వాదన పెట్టుకోకుండా నేనొకటే చెబుతాను: "బాబాయ్, ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని నా ఒళ్లే చంపేసుకుంది. స్వీట్లకీ దీనికీ సంబంధం లేదు. మానేస్తే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది." గ్రౌండులో "నీకెందుకురా బౌలింగ్" అంటే వసీం అక్రమ్ పేరు చెప్పు. 1997లో ఆయనకి ఇదే షుగర్ బయటపడింది, 2003లో రిటైరయ్యేసరికి వన్డేల్లో 502 వికెట్లు.

పెళ్లి సంబంధాలప్పుడు అమ్మ "తర్వాత చెబుదాంలేరా" అంటుంది. ఒప్పుకోకు. పెళ్లిచూపుల్లో అమ్మాయితో విడిగా మాట్లాడమంటారు కదా, అప్పుడే నువ్వే చెప్పు. పెన్ను చూపించు, నెలకి మందుల ఖర్చెంతో చెప్పు, రాత్రి షుగర్ పడితే ఏం చెయ్యాలో కూడా చెప్పు. వాళ్లు కాదంటే ఆ సంబంధం పోతుంది, పోనీ.