కంప్యూటర్ కొనే ముందు – 4వ పాఠం: పాత ఐ7 మేలా, కొత్త ఐ3 మేలా?

గత పాఠంలో కోరు (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగం), థ్రెడ్డు (కోరు ఒకేసారి నడపగల పనుల వరుస), కాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న, వేగమైన మెమరీ) అంటే ఏమిటో తెలుసుకున్నాం. ఇప్పుడు రెండు ప్రాసెసర్లను పక్కపక్కన పెట్టి ఏది వేగమైనదో, ఏది పెట్టిన డబ్బుకు తగినదో మనమే తేల్చడం నేర్చుకుందాం. పోలికకు ఎంచుకున్న జత ఇంటెల్ కోర్ ఐ7-2600, ఇంటెల్ కోర్ ఐ3-12100. నెల్లూరులోగాని ఒంగోలులోగాని తక్కువ ధరలో డెస్క్‌టాప్ కావాలని వెళ్ళినవారికి ఎదురయ్యే సందిగ్ధం ఇలాంటిదే. ఆఫీసులు వాడి తీసేసిన ఐ7 పెట్టె ఒకవైపు, దానికన్నా ఖరీదైన కొత్త ఐ3 పెట్టె మరోవైపు ఉంటాయి. ఐ7 ఇంత చవకగా దొరుకుతుంటే ఐ3 ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. పిల్లల చదువుకని కూడబెట్టిన డబ్బుతో తీసుకునే నిర్ణయం కాబట్టి తొందరపడకుండా చూద్దాం.

మొదట పేరు చదవాలి. ఐ3, ఐ5, ఐ7 అన్న హోదాలు ఒకే తరంలోని ప్రాసెసర్లను పోల్చడానికి మాత్రమే పనికొస్తాయి. తరం ఏదో అడ్డగీత తరువాతి అంకెలు చెబుతాయి. 2600లో మొదటి 2 అంటే రెండో తరం, 12100లో మొదటి 12 అంటే పన్నెండో తరం. మొదటిది 2011 జనవరిలో, రెండోది 2022 జనవరిలో మార్కెట్లోకి వచ్చాయి. దుకాణంలో "ఐ7" అని మాత్రమే చెబితే పూర్తి సంఖ్య అడగండి. కంప్యూటర్ ఆన్ చేసి ఉంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ విభాగంలో ప్రాసెసర్ పూర్తి పేరు కనిపిస్తుంది. సంఖ్య తెలియకుండా ధర మాట్లాడకండి.

ఇక వివరాలు. ఐ7-2600లో 4 కోర్లు, 8 థ్రెడ్లు ఉన్నాయి. మూల వేగం 3.4 గిగాహెర్ట్జ్, గరిష్ఠ వేగం 3.8, ఎల్3 కాష్ 8 ఎంబీ, మెమరీ రకం డీడీఆర్3. ఐ3-12100లోనూ 4 కోర్లు, 8 థ్రెడ్లే. మూల వేగం 3.3, గరిష్ఠ వేగం 4.3, ఎల్3 కాష్ 12 ఎంబీ, మెమరీ బోర్డును బట్టి డీడీఆర్4 లేదా డీడీఆర్5. ఈ అంకెలే చూస్తే రెండింటి మధ్య పెద్ద తేడా ఉందని ఎవరూ అనుకోరు. మూల వేగంలోనైతే పాతదే కాస్త పైన ఉంది. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే కాబట్టి కొంచెంసేపు ఆగుదాం.

రైసుమిల్లులో లారీకి బస్తాలు ఎత్తే హమాలీలను తలచుకోండి. ఎంతమంది ఉన్నారన్నది కోర్ల సంఖ్య. నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతున్నారన్నది గిగాహెర్ట్జ్. ఒక్కో తిరుగుడుకు ఎన్ని బస్తాలు మోస్తున్నారన్నది ఈ రెండింటిలోనూ లేదు. ప్రాసెసర్‌లో ఆ మూడో లెక్కను ఐపీసీ అంటారు. ప్రాసెసర్ లోపలి గడియారం ఒక్కసారి కొట్టుకునేలోగా సగటున ఎన్ని ఆదేశాలు పూర్తవుతాయో అది చెబుతుంది. ఈ పదకొండేళ్ళలో బాగా పెరిగింది అదే. దాన్ని పెట్టె మీద ముద్రించరు, పైగా పనిని బట్టి మారుతుంది. అందుకే గిగాహెర్ట్జ్‌తో పోలిక ఒకే తరం, ఒకే కుటుంబం ప్రాసెసర్ల మధ్యనే చెల్లుతుంది.

మరి వేగాన్ని దేనితో కొలవాలి? రెండింటి చేతా ఒకే పని చేయించి చూడాలి. సినీబెంచ్, గీక్‌బెంచ్ వంటి పరీక్షలు అందుకే ఉన్నాయి. ఫలితాలు చదివేటప్పుడు పరీక్ష పేరుతోపాటు వెర్షను కూడా ఒకటే అయి ఉండాలి. సినీబెంచ్ ఆర్23లో వచ్చిన మార్కులను సినీబెంచ్ 2024 మార్కులతో పోల్చకూడదు, వాటి కొలమానాలే వేరు. ఒక్క కోరు ఫలితాన్ని, అన్ని కోర్ల ఫలితాన్ని విడివిడిగా రాసుకోండి. ఫలితాలను పట్టీల బొమ్మగా (బార్ చార్టు) చూస్తుంటే కొలత గీత సున్నా దగ్గర మొదలైందో లేదో గమనించండి. మధ్యలో మొదలైతే చిన్న తేడా కూడా కొండంత కనిపిస్తుంది.

మన జతలో ఒక్క కోరు వేగం ఐ3-12100లో ఇంచుమించు రెట్టింపు. అన్ని కోర్లూ కలిసి పనిచేసినప్పుడు తేడా రెట్టింపుకు పైనే.

ఈ రెండు ఫలితాల్లో మీకు ఏది ముఖ్యమో మీ పని చెబుతుంది. బ్రౌజరు, బిల్లింగు, రొయ్యల చెరువుల మేత లెక్కలు రాసుకునే ఎక్సెల్ వంటి పనుల్లో చురుకుదనం ఎక్కువగా ఒక్క కోరు వేగం మీద ఆధారపడుతుంది. పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోవారు అన్ని కోర్ల ఫలితం చూడాలి. వీడియో పాఠాలు వినే విద్యార్థికి మరో సంగతి ముఖ్యం. యూట్యూబ్ వాడే వీపీ9, ఏవీ1 రకాల వీడియోలను విప్పే ప్రత్యేక భాగం ఐ3-12100లోని గ్రాఫిక్స్‌లో ఉంది, ఐ7-2600లో లేదు. పాతదాంట్లో ఆ భారం కోర్ల మీదే పడుతుంది.

ఇప్పుడు డబ్బు లెక్క. ప్రాసెసర్ ధర ఒక్కటే తీసుకోకండి. బోర్డు, మెమరీ, ఎస్‌ఎస్‌డీ (ఫైళ్ళు దాచే వేగమైన డ్రైవు), పవర్ సప్లై కలిపి మొత్తం పెట్టె ధర తీసుకోండి. ఐ3-12100ఎఫ్ అని చివర ఎఫ్ ఉంటే ధర తగ్గుతుంది గాని అందులో గ్రాఫిక్స్ ఉండదు, దానికి విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనాలి.

పద్ధతి అర్థం కావడానికి ఊహించిన ధరలు తీసుకుందాం. పాత పెట్టె 10,000 రూపాయలు, కొత్తది 24,000 అనుకోండి. పాతదాని వేగాన్ని 100 మార్కులుగా, కొత్తదాన్ని 200గా పెట్టుకుంటే వెయ్యి రూపాయలకు పాతది 10 మార్కులు, కొత్తది 8.3 మార్కులు ఇస్తున్నాయి. ఈ భాగహారంలో పాతదే గెలిచింది! చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. మీరు ఆగకండి. ఎన్నేళ్ళు వాడుకోగలమన్నదీ లెక్కలోకి రావాలి. పాతది రెండేళ్ళు, కొత్తది ఆరేళ్ళు పనికొస్తాయనుకుంటే ఏడాదికి పడే ఖర్చు 5,000, 4,000. ఇప్పుడు కొత్తదే చవక.

పాతదానికి రెండేళ్ళే ఎందుకు వేశానంటే దానికి బలమైన కారణం ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరానికి ముందున్న మామూలు ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లను అంగీకరించదు. బ్యాంకు లావాదేవీలు, జీఎస్టీ రిటర్నులు చేసే యంత్రంలో భద్రతా సవరణలు రాని విండోస్ ఉండటం మంచిది కాదు. విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకుని ఉత్తరాలు టైపు చేయడానికి, ప్రింట్లు తీయడానికి మాత్రమే వాడతామంటే, ఎస్‌ఎస్‌డీ ఉన్న పాత ఐ7 నేటికీ సరిపోతుంది. అలాంటివారిని కొత్తది కొనమని నేను చెప్పను.

విద్యుత్తు ఆదా అవుతుందని కొత్తది కొనేయమనేవారూ ఉన్నారు. ఐ7-2600కు 95 వాట్లు, ఐ3-12100కు 60 వాట్లు అని వివరాల్లో రాసి ఉంటాయి. అవి మీటరు రీడింగులు కావు. ఐ3 టర్బోలో, అంటే మూల వేగానికి మించి పరుగెత్తేటప్పుడు, 89 వాట్ల వరకూ తీసుకోగలదు. రెండింటి మధ్య 40 వాట్ల తేడా నిరంతరం ఉందనుకున్నా, రోజుకు 8 గంటల చొప్పున 25 రోజులకు 8 యూనిట్లే. మామూలు ఆఫీసు పనిలో అంత తేడా కూడా రాదు.

వేడి గురించి మాత్రం పట్టించుకోవాలి. వేసవిలో మన జిల్లాల్లో బయట 40 డిగ్రీలు దాటుతుంది. చీమకుర్తి గ్రానైటు క్వారీల దగ్గరి ఆఫీసుల్లో ఆ వేడికి రాతి దుమ్ము తోడై, ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింకు రెక్కల మధ్య పేరుకుంటుంది. వేడి హద్దు దాటితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు డబ్బిచ్చి కొన్న వేగం చేతికి రాదు. సెకండ్‌హ్యాండ్ పెట్టె కొంటే మూత తీయించి ఫ్యాను, హీట్‌సింకు చూడండి.

చదువుకో, చిన్న వ్యాపారానికో విండోస్‌తో నాలుగైదేళ్ళు వాడాలనుకునే ఇంటికి ఈ రెండింటిలో నేను చెప్పేది ఐ3-12100. దానికి డబ్బు చాలకపోతే రెండో తరం ఐ7 కాకుండా, ఎనిమిదో తరం లేదా ఆ తరువాతి సెకండ్‌హ్యాండ్ ఐ5 వెతకండి.

అభ్యాసం: ఇంటెల్ ఐ5-12400, ఏఎండీ రైజెన్ 5 5600జీ తీసుకోండి. రెండింటిలోనూ 6 కోర్లు, 12 థ్రెడ్లు, గరిష్ఠ వేగం 4.4 గిగాహెర్ట్జ్, లోపలే గ్రాఫిక్స్. మూల వేగం మొదటిదానికి 2.5, రెండోదానికి 3.9. ఈ 3.9 చూసి రెండోదే వేగమైనదని ఎందుకు అనకూడదో నాలుగు వాక్యాల్లో రాయండి. తరువాత మీ ఊరి దుకాణంలో రెండింటికీ మొత్తం పెట్టె ధర అడిగి, ఏడాదికి పడే ఖర్చు లెక్కగట్టండి. వచ్చే పాఠంలో మదర్‌బోర్డు సంగతి చూస్తాం. ఆ లెక్క కాగితం దగ్గర ఉంచుకోండి, దానిలోని బోర్డు ధరతోనే మొదలుపెడతాం.