బెంగళూరులో హైబ్రిడ్ కారు: లెక్క చూసి కొనండి, తెలిసి వాడండి

పెట్రోల్ ఇంజిన్‌తో పాటు బ్యాటరీతో నడిచే మోటారు కూడా ఉండే హైబ్రిడ్ కారు కొనాలా వద్దా అన్నది షోరూముకి వెళ్లక ముందే, ఇంట్లో కూర్చుని తేల్చుకోవచ్చు. నెలకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు, అందులో సిటీ ఎంత, హైవే ఎంత అన్నవి కాగితం మీద రాసుకుంటే చాలు.

హైబ్రిడ్ పెట్రోల్ మిగిల్చేది ముఖ్యంగా రెండు చోట్ల. బండి ఆగి ఉన్నప్పుడు, నత్తనడక నడుస్తున్నప్పుడు ఇంజిన్ ఆపేసి మోటారు మీద నడుస్తుంది. బ్రేక్ వేసినప్పుడు వేడిగా పోవాల్సిన శక్తిలో కొంత బ్యాటరీలోకి తిరిగి తోస్తుంది. సిల్క్‌బోర్డు, మారతహళ్లి, హెబ్బాళ దగ్గర ఈ రెండూ నిమిషానికోసారి జరుగుతాయి. హోసూరు దాటాక వంద స్పీడులో నిలకడగా పోతుంటే ఆగడమూ లేదు, బ్రేకూ లేదు. అక్కడ హైబ్రిడ్‌కి చేతినిండా పని దొరకదు.

ఇప్పుడు లెక్క. లీటరు పెట్రోల్ 103 రూపాయలనుకుందాం. మధ్యస్థాయి పెట్రోల్ ఆటోమేటిక్ ఎస్‌యూవీ సిటీ జామ్‌లో లీటరుకి 10, అదే సైజు హైబ్రిడ్ 20 ఇస్తాయనుకోండి. నెలకి 1000 కిలోమీటర్లు సిటీలోనే తిరిగితే 50 లీటర్లు, అంటే 5,150 రూపాయలు మిగులుతాయి. ఏడాదికి దాదాపు 62 వేలు. హైబ్రిడ్ వేరియంట్‌కి ఎక్స్‌షోరూమ్ రెండున్నర లక్షలు ఎక్కువైతే ట్యాక్సు, ఇన్సూరెన్సు కలిసి చేతి నుంచి పోయేది మూడు లక్షల దాకా ఉంటుంది. అది ఐదేళ్లలో తిరిగొస్తుంది. అదే మీరు వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని చేస్తూ నెలకి 400 కిలోమీటర్లే తిరిగితే పన్నెండేళ్లు పడుతుంది. ఆ 1000 కిలోమీటర్లూ హైవే మీదే అయితే, అక్కడ లీటరుకి పెట్రోల్ బండి 16, హైబ్రిడ్ 21 ఇస్తాయనుకుంటే, ఆ తేడాతో పదహారేళ్లు. ఆ డబ్బుకి వాయిదా వడ్డీ కూడా కట్టేవాళ్లు ఇంకాస్త ఎక్కువ చూసుకోవాలి.

కాబట్టి రోజూ ఔటర్ రింగ్ రోడ్డులో గంటా గంటన్నర నలిగేవాళ్లు కళ్లు మూసుకుని హైబ్రిడ్ తీసుకోవచ్చు. నెలకోసారి కర్నూలుకో నెల్లూరుకో వెళ్లడానికే కారు కావాలంటే మామూలు పెట్రోలో డీజిలో చాలు. అపార్ట్‌మెంటులో సొంత పార్కింగ్, అక్కడే ఛార్జింగ్ పాయింటు పెట్టుకోవడానికి అసోసియేషన్ అనుమతి రెండూ ఉన్నవాళ్లు మాత్రం పూర్తి ఎలక్ట్రిక్‌ని కూడా ఓసారి చూడాలి. ఈవీ మీద జీఎస్టీ 5 శాతమే. నాలుగు మీటర్లు దాటిన హైబ్రిడ్ మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం, అంతకుముందు సెస్సుతో కలిపి 43. పాత వీడియోల్లో చూసిన ధరలు పట్టుకుని బేరానికి దిగొద్దు.

అసలు హైబ్రిడ్ ఏది?

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. షోరూములో సేల్స్ కుర్రాడు తెలుగువాడే దొరికి, "అన్నా, ఇది కూడా హైబ్రిడ్డే, మూడు లక్షలు తక్కువ" అంటే అది మైల్డ్ హైబ్రిడ్ అన్నమాట. ఒకటే అడగండి: "ఇంజిన్ ఆగిపోయి ఉండగా ఈ బండి కదులుతుందా?" మైల్డ్ హైబ్రిడ్ కదలదు. ఇంజిన్‌కి చిన్న మోటారు చేయి సాయం మాత్రమే ఉంటుంది, మైలేజీలో పెద్ద తేడా ఉండదు. మోటారు మీదే కదలగలిగే అసలు హైబ్రిడ్‌ని స్ట్రాంగ్ హైబ్రిడ్ అంటారు. మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్ రెండూ మైల్డ్‌లోనూ స్ట్రాంగ్‌లోనూ వస్తాయి. కాబట్టి బుకింగ్ రసీదులో వేరియంట్ పేరు పూర్తిగా రాయించుకోండి.

నలుగురైదుగురు కూర్చునే కుటుంబానికి హైరైడర్, గ్రాండ్ విటారా (రెండింటిలోనూ అదే 1.5 లీటర్ మూడు సిలిండర్ల ఇంజిన్), లేదా సెడాన్ కావాలంటే హోండా సిటీ. అమ్మానాన్నలు, అత్తామామలు కలిసి ఏడుగురు తిరిగే ఇల్లైతే 2.0 లీటర్ టయోటా ఇన్నోవా హైక్రాస్, లేదా దాని మారుతి రూపం ఇన్విక్టో. కంపెనీ చెప్పే మైలేజీలు, అంటే హైరైడర్‌కి 27.97, హైక్రాస్‌కి 23.24, ల్యాబ్ టెస్టులో వచ్చినవి. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోల్‌లో కంటే మూడో వంతు తక్కువ కాబట్టి అక్కడే కొంత కోత పడుతుంది.

డిక్కీ సంగతి ఫొటోల్లో తెలీదు. హోండా సిటీ పెట్రోల్‌కి 506 లీటర్ల డిక్కీ ఉంటే, హైబ్రిడ్‌కి బ్యాటరీ పోను మిగిలింది 306. హైరైడర్‌లోనూ బ్యాటరీ డిక్కీ నేల కిందే ఉంటుంది. హైక్రాస్‌లో ముందు సీట్ల కింద పెట్టారు కాబట్టి ఆ బాధ లేదు. టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న పెద్ద సూట్‌కేసులు రెండు పట్టుకెళ్లి పెట్టి చూడండి. సంక్రాంతికి వెళ్లి వచ్చేటప్పుడు 25 కిలోల బియ్యం బస్తా, ఆవకాయ జాడీ కూడా ఎక్కుతాయని మర్చిపోకండి.

టెస్ట్ డ్రైవ్‌లో ఏం చూడాలి

షోరూమ్ చుట్టూ చదునైన రోడ్డు మీద పది నిమిషాలు తిప్పితే ఏ హైబ్రిడ్ అయినా వెన్నలా పోతుంది. బ్యాటరీ గేజీ రెండు గీతలకి పడిపోయినప్పుడు ఎలా ఉంటుందో చూడాలి. ఏసీ ఫుల్లుగా పెట్టి, బండిని రెడీలో (బ్రేక్ తొక్కి పవర్ బటన్ నొక్కితే వచ్చే స్థితిలో) అలాగే నిలబెడితే కాసేపటికి ఛార్జ్ దిగుతుంది, ఇంజిన్ తనంతట తానే స్టార్ట్ అవుతుంది. మూడు సిలిండర్ల ఇంజిన్ ఆగి ఉన్న బండిలో చేసే చప్పుడు, వణుకు మీకు ఓకేనా? అదే స్థితిలో ఫ్లైఓవర్ ఎక్కుతూ గట్టిగా తొక్కండి. స్పీడు మెల్లగా పెరుగుతుంటే ఇంజిన్ మాత్రం ఒకే స్థాయిలో అరుస్తుంది. ఈ గేర్‌బాక్సు తీరే అంత. ఇది నచ్చనివాళ్లు కొన్నాక కూడా నచ్చించుకోలేరు.

ఇంకోటి ఎవరూ చూడరు. టయోటా పద్ధతి హైబ్రిడ్‌లో (పైన చెప్పినవాటిలో హోండా సిటీ తప్ప అన్నీ అవే) రివర్స్ గేరు మోటారు మీదే నడుస్తుంది, ఇంజిన్ బలం దానికి కలవదు. మీ అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంపు నిటారుగా ఉండి, వెనక్కి ఎక్కించాల్సిన అవసరం ఉంటే బండిని అక్కడికే తెప్పించి, నలుగురిని ఎక్కించి ఓసారి రివర్స్‌లో ఎక్కించండి.

ధర, కాగితాలు

కర్ణాటకలో లైఫ్ ట్యాక్సు పది నుంచి ఇరవై లక్షల బండికి 17 శాతం, ఇరవై దాటితే 18 శాతం, దాని మీద సెస్సు అదనం. ఇక్కడ హైబ్రిడ్ అని రాయితీ ఏమీ లేదు. ధర 20 లక్షల గీతకి అటూ ఇటూగా ఉంటే పై వేరియంట్ తీసుకునే ముందు ఆన్‌రోడ్ లెక్క రెండింటికీ వేయించండి. పది లక్షలు దాటిన బండి మీద డీలరు వసూలు చేసే ఒక శాతం టీసీఎస్ మీ పాన్ మీద జమవుతుంది, రిటర్న్ వేసేటప్పుడు తిరిగి సర్దుకోవచ్చు. చాలామంది దాన్ని ఖర్చు కింద రాసేసుకుని వదిలేస్తారు. హ్యాండ్లింగ్ ఛార్జీ, లాజిస్టిక్స్ ఛార్జీ అని వేరే గీత కనిపిస్తే కొట్టేయమనండి.

ఇన్సూరెన్సు డీలరు దగ్గరే తీసుకోవాలన్న రూలు లేదు. కొత్త కారుకి థర్డ్ పార్టీ మూడేళ్లది తప్పనిసరి, సొంత డ్యామేజీది ఏడాదిది చాలు. జీరో డిప్రిసియేషన్ (భాగాల పాతదనానికి కోత పెట్టనిది), రిటర్న్ టు ఇన్‌వాయిస్ (బండి పూర్తిగా పోతే బిల్లు ధర ఇచ్చేది) రెండూ పెట్టించుకోండి. ఇంజిన్ ప్రొటెక్షన్ విషయంలో మాత్రం పాలసీ వాక్యం చదవాలి: నీళ్లు చేరితే మోటారు, ఇన్వర్టర్ (బ్యాటరీ కరెంటుని మోటారుకి తగ్గట్టు మార్చే పెట్టె), హైబ్రిడ్ బ్యాటరీ కూడా అందులో వస్తాయా అని రాతపూర్వకంగా అడగండి. 2022 సెప్టెంబర్‌లో బెళ్లందూరు, యమలూరు వైపు బేస్‌మెంట్లు మునిగిన ఊరు ఇది.

ఊళ్లో అడ్రసు మీద ఏపీ లేదా తెలంగాణ నంబరు వేయించి ఇక్కడ తిప్పుదామనే ఆలోచన ఉంటే, మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఏడాది దాటి వేరే రాష్ట్రంలో ఉంచితే నంబరు మార్పించాలి. అంటే అక్కడి నుంచి ఎన్ఓసీ, ఇక్కడ మళ్లీ ట్యాక్సు, అక్కడ కట్టినదాంట్లో మిగిలినదానికి రీఫండ్ కోసం తిరుగుళ్లు. ఇక్కడే ఉండేట్టయితే అద్దె అగ్రిమెంటు చూపించి కేఏ నంబరు తీసుకోవడం మేలు.

రిజిస్ట్రేషన్‌కి ముందే స్టాక్‌యార్డుకి వెళ్లి పగటి వెలుతురులో బండి చూడండి. ఫారం 22లో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. టైరు పక్కగోడ మీద నాలుగంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ఐదు టైర్లకీ చూడండి. హైబ్రిడ్‌కి ప్రత్యేకంగా చూడాల్సింది చిన్న 12 వోల్టుల బ్యాటరీ. యార్డులో నెలలు నిలబడ్డ బండికి అది సగం చచ్చి ఉంటుంది. బండి ఆఫ్‌లో ఉండగా మల్టీమీటరులో 12.4 కంటే తక్కువ చూపిస్తే ఛార్జ్ చేయించి మర్నాడు మళ్లీ కొలవమనండి. అప్పటికీ నిలబడకపోతే కొత్తది వేయించాకే డబ్బు పూర్తిగా కట్టండి.

ఇంటికొచ్చాక

ఊళ్లో పెద్దవాళ్లు మొదట అడిగేది, "రాత్రి ఛార్జింగ్ పెట్టావా?" పెట్టక్కర్లేదు, పెట్టడానికి ప్లగ్గే లేదు. అలాగని పెట్రోల్ అయిపోతే బ్యాటరీ మీద బంకు దాకా పోవచ్చనుకోవద్దు. పెద్ద బ్యాటరీ అడుగంటితే బండి లారీ ఎక్కాల్సిందే.

ముందు మార్చుకోవాల్సిన అలవాటు దిగేటప్పటిది. ఇంజిన్ చప్పుడు లేదు కాబట్టి బండి ఆఫ్ అయిందనుకుని దిగిపోతారు. డ్యాష్‌బోర్డు మీద రెడీ లైటు వెలుగుతూనే ఉంటుంది. లోపల పిల్లాడు ఉంటే యాక్సిలరేటర్ మీద కాలు పడిందంటే, గేరు పడి ఉంటే, బండి నిశ్శబ్దంగా కదులుతుంది. మూసిన గ్యారేజీలో అయితే ఛార్జ్ తగ్గగానే ఇంజిన్ స్టార్ట్ అయి పొగ నిండుతుంది. గేరు పీ (పార్క్)లో పెట్టడం, పవర్ బటన్ నొక్కడం, రెడీ లైటు ఆరిందో లేదో చూడడం, తర్వాతే తలుపు తీయడం.

రోడ్డు మీద నిలబెట్టేసే సమస్య ఎక్కువగా 12 వోల్టుల బ్యాటరీదే. పెద్ద బ్యాటరీ నిండా ఉన్నా, దాన్ని సిస్టమ్‌కి కలిపే రిలే ఈ చిన్న బ్యాటరీ కరెంటుతోనే పడుతుంది. అది దిగిపోతే రిమోట్ తాళం కూడా పనిచేయదు. రెండు మూడు వారాలు ఊరెళ్లేటప్పుడు వారానికోసారి ఎవరితోనైనా బండిని రెడీలో పెట్టించి, పీలోనే అరగంట నుంచి గంట ఉంచమనండి, ఆరుబయట మాత్రమే. బ్రేక్ తొక్కకుండా బటన్ నొక్కితే వచ్చే ఆన్ స్థితిలో ఛార్జ్ ఎక్కదు సరికదా, ఉన్నది దిగుతుంది. ఎవరూ లేకపోతే మైనస్ తీగ ఊడదీయించి వెళ్లండి. వేరే బండి బ్యాటరీ నుంచి తీగలతో కరెంటు తెచ్చి స్టార్ట్ చేసే జంప్ తీసుకోవచ్చు, మాన్యువల్లో చూపిన టెర్మినళ్లకే తగిలించాలి. హైబ్రిడ్ నుంచి వేరే బండికి జంప్ ఇవ్వకూడదు.

పెద్ద బ్యాటరీని చల్లబరిచే గాలి క్యాబిన్ లోంచే పోతుంది. మోడల్‌ని బట్టి వెనక సీటు పక్కనో, ముందు సీట్ల దగ్గరో చిన్న జాలీ ఉంటుంది. యాక్సెసరీ షాపులో వేసే మందపాటి సీటు కవర్లు, 7డీ మ్యాట్లు దాన్ని సగం మూసేస్తాయి. కవరు కుట్టించే ముందే జాలీ ఎక్కడుందో చూపించి ఖాళీ వదలమనండి. దుప్పటి, స్కూల్ బ్యాగు దాని మీద పడేయొద్దు. జాలీ ఫిల్టర్ దుమ్ము ప్రతి సర్వీసులో దులిపించండి. టయోటా హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది, కానీ బయట మెకానిక్ వైర్లు కోసి డ్యాష్‌క్యామ్, ఆంప్లిఫయర్ తగిలిస్తే క్లెయిము దగ్గర పేచీ మొదలవుతుంది. ఎక్కువ వోల్టేజీ పోయే నారింజ రంగు కేబుళ్ల జోలికి ఎవరినీ పోనివ్వకండి.

నడపడంలో పెద్ద విద్య ఏమీ లేదు. సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో పెట్టే పాత అలవాటు మానాలి, న్యూట్రల్‌లో పెద్ద బ్యాటరీ ఛార్జ్ కాదు. డీ (డ్రైవ్)లోనే ఉంచి, కాలు తీసినా బ్రేకుని పట్టి ఉంచే బ్రేక్ హోల్డ్ వాడండి. ముందు ఎర్ర లైట్లు కనబడగానే దూరం నుంచే బ్రేకుని మెత్తగా పట్టుకుంటే శక్తి వెనక్కి వస్తుంది, ఆఖరి క్షణంలో గట్టిగా తొక్కితే అది బ్రేక్ ప్యాడ్‌లకే పోతుంది. ఈవీ బటన్ నొక్కి బలవంతంగా మోటారు మీద లాగించినా లాభం లేదు, తర్వాత ఇంజిన్ ఆ అప్పు తీరుస్తుంది. పొద్దున్నే కిలోమీటరు దూరంలో స్కూలుకీ, పాల ప్యాకెట్టుకీ విడివిడిగా తీస్తే మైలేజీ ఘోరంగా కనిపిస్తుంది. ప్రతిసారీ చల్లటి ఇంజిన్ వేడెక్కడానికే పెట్రోల్ పోతుంది కాబట్టి.

తిరుమల కొండ దిగేటప్పుడు ఒక తేడా గమనిస్తారు. హైరైడర్ బ్యాటరీలో పట్టేది 0.76 యూనిట్ కరెంటు. దాదాపు 700 మీటర్ల ఎత్తు నుంచి దిగే ఒకటిన్నర టన్నుల బండి దగ్గర రెండున్నర యూనిట్లకి పైగా శక్తి ఉంటుంది. టైర్ల రాపిడికి, గాలికి పోను మిగిలినదీ బ్యాటరీకి ఎక్కువే. సగం మలుపులు తిరక్కుండానే గేజీ నిండిపోతుంది, ఆ తర్వాత బ్రేక్ భారమంతా ప్యాడ్‌ల మీద పడుతుంది. అందుకే దిగుడు మొదలవగానే గేరుని బీలో (దిగుళ్లలో ఇంజిన్‌తో బండిని పట్టి ఉంచే స్థానం) వేయండి, హోండాలో స్టీరింగ్ వెనక ఎడమ ప్యాడిల్ వాడండి. కాలు యాక్సిలరేటర్ మీద లేకపోయినా ఇంజిన్ గట్టిగా అరుస్తుంటే కంగారు పడొద్దు, పెట్రోల్ కాల్చకుండా బండిని పట్టి ఆపుతోంది. మైదానంలోకి రాగానే డీకి మార్చండి.

ప్యాడ్‌లు తక్కువగా అరుగుతాయి కాబట్టి వానాకాలంలో డిస్కుల మీద తుప్పు పొర పట్టి పొద్దున్న కీచుమంటుంది. ఖాళీ రోడ్డు మీద అరవై నుంచి ఒకటి రెండుసార్లు గట్టిగా ఆపితే పోతుంది. సర్వీసు 10,000 కిలోమీటర్లకి లేదా ఏడాదికి. ఇంజిన్ కూలంట్‌తో పాటు ఇన్వర్టర్ కూలంట్‌కి వేరే డబ్బా ఉంటుంది, దాని లెవెల్ కూడా చూశారా అని అడగండి. జాబ్ కార్డులో ఇంజిన్ బే ప్రెషర్ వాష్ రాసి ఉంటే వద్దని తీసేయించండి.

అండర్‌పాస్‌లో నీళ్లుంటే హైబ్రిడ్ కదా, ఇంజిన్ ఆగినా మోటారు లాగేస్తుందని దింపొద్దు. లోతు తెలియని నీళ్లలోకి ఏ కారూ దింపకూడదు. బేస్‌మెంటులో మునిగిన బండిని నీళ్లు తగ్గాక కూడా స్టార్ట్ చేయకుండా సర్వీసు సెంటర్‌కి ఫోన్ చేయండి. తీసుకెళ్లడానికి ఫ్లాట్‌బెడ్ లారీనే అడగండి. ముందు చక్రాలు నేల మీద దొర్లితే మోటారు తిరిగి కరెంటు పుట్టిస్తుంది, ఆ వేడికి లోపల ఇంకోటి కాలిపోవచ్చు. తాడు కట్టి లాగుదామని వచ్చేవాళ్లకి ఈ మాట గట్టిగా చెప్పండి.