అసాయి పొడి ఇంటికొస్తే షుగర్ ఉన్నవాళ్లకు ఎలా పెట్టాలి

ముందు డబ్బా తిప్పి వెనక రాసింది చదవండి. పదార్థాల్లో అసాయి (అమెజాన్ ప్రాంతపు ఒక కాయ) ఒక్కటే ఉంటే పనికొచ్చే సరుకే. చక్కెర, గ్లూకోజ్ సిరప్, ఆపిల్ రసం, మాల్టోడెక్స్‌ట్రిన్ లాంటి పేర్లు కనిపిస్తే షుగర్ ఉన్న మనిషికి వద్దు. ముఖ్యంగా మాల్టోడెక్స్‌ట్రిన్. నోటికి పెద్ద తీపి తగలదు గానీ, రక్తంలో గ్లూకోజును చాలా వేగంగా పెంచుతుంది.

మా మరిది బెంగళూరు నుంచి అనంతపురం వచ్చినప్పుడల్లా ఇలాంటిదేదో పట్టుకొస్తాడు. "వదినా, అన్నకు ఇది పెట్టు, షుగర్ పోతుందంట" అంటాడు. ప్రేమతో తెచ్చిందే. కానీ మా ఆయన ఒంట్లోకి పోయేది ఏదైనా నేను లెక్క చూసుకునే పెడతాను.

అసాయి అమెజాన్ ప్రాంతంలో పెరిగే ఒక తాళజాతి చెట్టు కాయ. బ్రెజిల్‌లోని పారా రాష్ట్రంలో ఎక్కువగా పండుతుంది. ముదురు ఊదా రంగులో, ద్రాక్షపండు కంటే చిన్నగా ఉంటుంది. లోపలంతా గింజే, గుజ్జు పైన పలచటి పొర. కోశాక తొందరగా పాడవుతుంది కాబట్టి మన దాకా పొడిగానో, గడ్డకట్టించిన గుజ్జుగానో వస్తుంది. అక్కడివాళ్లు దాన్ని చేపలతో, కర్రపెండలం పిండితో కలిపి అన్నంపూట తింటారు.

గడ్డకట్టించి ఎండబెట్టిన 100 గ్రాముల పొడిని పరీక్షిస్తే పిండిపదార్థం 52 గ్రాముల దాకా తేలింది. అందులో 44 గ్రాములు పీచే, చక్కెర గ్రాము చిల్లర మాత్రమే. కొవ్వు 32 గ్రాములు. అందులో సగానికి పైగా ఒలీక్ ఆమ్లం, మన వేరుశెనగ నూనెలో ఉండేదే. ఆ ఊదా రంగు ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాలది, నేరేడుపండుకు రంగునిచ్చేవీ అవే. విటమిన్ సి మాత్రం పెద్దగా లేదు.

ఇంత తక్కువ చక్కెర ఉన్న కాయ షుగర్‌ను ఒక్కసారిగా పెంచదు. అయితే తగ్గిస్తుందా? 2011లో వచ్చిన ఒక చిన్న పరిశోధనలో, బరువు ఎక్కువున్న 10 మంది నెలపాటు రోజుకు రెండుసార్లు 100 గ్రాముల చొప్పున గుజ్జు తింటే పరగడుపు షుగర్ కొంత తగ్గింది. పోల్చి చూడటానికి అసాయి తినని గుంపు అందులో లేదు. పది మందిని చూసి మాత్రలు మానేసే ఆలోచన దయచేసి చేయకండి. డాక్టరు రాసిన మందు రాసినట్టే వేసుకోవాలి.

నేను పెట్టే తీరు చెప్తాను. ఒక గ్లాసు పలచటి పులిసిన మజ్జిగలో ఒక టీస్పూను పొడి, చిటికెడు ఉప్పు, కొంచెం వేయించిన జీలకర్ర పొడి వేసి బాగా చిలకాలి. ఉండకడితే ముందు రెండు స్పూన్ల మజ్జిగలో పేస్టులా కలుపుకుని తర్వాత మిగతాది పోయండి. కొర్రన్నం తిన్న పూట దీన్ని ఇస్తాను. తేనె, బెల్లం, అరటిపండు, ఖర్జూరం వేయొద్దు. హోటళ్లలో అమ్మే అసాయి బౌల్‌తో వచ్చే చిక్కే ఇది. అరటిపండు, తేనె, తీపి గ్రనోలా (తీపి కలిపి కాల్చిన ఓట్స్) కలిసేసరికి అది పాయసమంత తీపవుతుంది. అసాయి పేరు చూసి మోసపోవద్దు.

ఇక మీటరుతో చూసుకోవడం. నాకు అన్నిటికంటే దీని మీదే నమ్మకం. ఒకరోజు ఉగ్గాని (బొరుగుల ఉప్మా) మామూలుగా తిని, మొదటి ముద్ద పెట్టుకున్న రెండు గంటలకు షుగర్ చూడండి. ఇంకోరోజు అంతే కొలత ఉగ్గాని, పక్కన ఈ మజ్జిగ. మళ్లీ రెండు గంటలకు చూడండి. రెండు రోజులూ పరగడుపున కూడా చూసి రాసుకోవాలి. ఇలా కొన్నిసార్లు చేస్తేనే అర్థం ఉంటుంది, ఎందుకంటే ఇంట్లో వాడే మీటరు 15 శాతం అటూ ఇటూ చూపించొచ్చు. అసలు 150 ఉంటే 130 అనీ చూపిస్తుంది, 170 అనీ చూపిస్తుంది. పది పాయింట్లు తగ్గాయని సంబరపడొద్దు, పెరిగాయని టెన్షనూ పడొద్దు. సూది గుచ్చే ముందు సబ్బుతో చేతులు కడిగి తుడుచుకోండి. వేలికి పండు రసం అంటుకుని ఉంటే లేని షుగర్ కనిపిస్తుంది.

చెమటలు పట్టి, చేతులు వణికి షుగర్ 70 కన్నా కిందికి పడిపోయిందా, అప్పుడు అసాయి జోలికి పోవద్దు. అందులో చక్కెర దాదాపు లేదు, పైగా కొవ్వు ఉంది. మనిషి మింగగలిగితే నీళ్లలో మూడు టీస్పూన్ల చక్కెర కలిపి వెంటనే తాగించి, పావుగంటకు మళ్లీ చూడాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

డబ్బా అయిపోతే మళ్లీ కొనాలా? నేనైతే కొనను. స్పూను పొడిలో వచ్చే పీచు గ్రాము, గ్రామున్నర. వంద గ్రాముల జామపండులో అయిదు గ్రాములకు పైనే ఉంటుంది, విటమిన్ సి అదనం. వానలు మొదలయ్యేసరికి మార్కెట్లో బుట్టల్లో నేరేడు దిగుతుంది. గుప్పెడు తింటే ఆ రంగు పదార్థాలు అందులోనే దొరుకుతాయి. దానికీ చక్కెర ఉంది, కాబట్టి దోసెళ్ల కొద్దీ తినకండి.

ఉన్న డబ్బాను మాత్రం పాడు చేయకండి. కొవ్వు ఎక్కువున్న పొడి కాబట్టి మన ఎండలకు బయట పెడితే ముక్కిపోయిన వాసన వస్తుంది. మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి, పొడి స్పూనే వాడండి. పాత నూనె వాసన వస్తే పారేయండి.