చలికాలం తెల్లవారుజామున రైఫిల్ పట్టే పిల్లల కోసం

ధనుర్మాసంలో గుడి మైకులో తిరుప్పావై మొదలయ్యేసరికే మా ఇంట్లో లైటు వెలుగుతుంది. మా అమ్మాయి ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. ఆరున్నరకల్లా ప్రాక్టీసు చేసే షెడ్డులో ఉండాలి. నెల్లూరులో చలేంటి అని చుట్టాలు అంటుంటారు. నిజమే, జనవరిలో కూడా తెల్లవారుజామున 20 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. ఆ చలికి పొలం పోయే మనిషికి తలకు చుట్టుకునే తువ్వాలు చాలు. ఆయన నడుస్తాడు, వంగుతాడు, పార పడతాడు, ఒళ్లు దానంతట అదే వేడెక్కుతుంది. షూటింగ్ అలా కాదు. పోటీలో 60 గుళ్లు కాల్చడానికి 75 నిమిషాలు, దానికి ముందు సర్దుకోవడానికి 15 నిమిషాలు. అంతసేపూ పాదం కదపకుండా నిలబడాలి. కదలని ఒంటికి 20 డిగ్రీలు కూడా చలే. మూడు పక్కలా గోడల్లేని రేకుల షెడ్డులో, సిమెంటు నేల మీద, మంచుకు చెమ్మగిల్లిన బట్టలతో నిలబడితే ఇంకా చలి.

అందుకే ఈ రెండు నెలలు పిల్లల్ని తీసుకెళ్లే అమ్మానాన్నలకు, నేర్పే సార్లకు నాకు తెలిసిన జాగ్రత్తలు చెప్తున్నాను.

అన్నిటికన్నా ముందు చేతివేళ్లు. ఒంటికి చలి తగిలితే గుండె, ఊపిరితిత్తుల దగ్గర వేడి కాపాడుకోవడానికి శరీరం చేతులకు, కాళ్లకు పోయే రక్తాన్ని తగ్గించేస్తుంది. ముందుగా పోయేది వేలి చివర స్పర్శ. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే ఉంటుంది. దాన్ని కొట్టడానికి ట్రిగ్గర్‌ను మొదట కొంచెం ఒత్తి, గట్టిగా తగిలే చోట ఆగి, అక్కడి నుంచి వెంట్రుకవాసి ఒత్తాలి. ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్‌కు కనీసం 500 గ్రాముల ఒత్తిడి ఉండాలని రూలు ఉంది, ఎయిర్ రైఫిల్‌కు అదీ లేదు. అంత తేలికైన ట్రిగ్గర్ మీద తిమ్మిరెక్కిన వేలు పెడితే పిల్లకు ఆ ఆగే చోటే తెలియదు. గురి కుదరకముందే గుండు పోతుంది. స్కోరు పోతే పోయింది, రైఫిల్ ఇంకా భుజానికి ఎత్తుతుండగా పోతే ప్రమాదం.

మా అమ్మాయికి ఇది జరగబోయి ఆగింది. సంక్రాంతికి ముందు ఒకరోజు గుళ్ల డబ్బా తెరిచి ఒక గుండు తీయబోయింది. నాలుగున్నర మిల్లీమీటర్ల సీసపు గుండు, నడుము దగ్గర సన్నంగా, కింద గౌనులా విచ్చుకుని ఉంటుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి జారి డబ్బాలో పడింది. రెండోసారి పట్టుకుంది, పట్టుకున్నట్టు తనకే తెలియక నేల మీద వదిలేసింది. గుండు సిమెంటు మీద దొర్లిపోయింది. "నాన్నా, వేళ్లు నావి కానట్టున్నాయి" అంది. రైఫిల్ కింద పెట్టించి, చేతులు రెండూ తన చంకల్లో పెట్టుకోమన్నాను. పావుగంట పట్టింది మామూలు కావడానికి.

ఆ రోజు నుంచి మా షెడ్డులో పిల్లలందరికీ ఇదే పరీక్ష. డబ్బాలోంచి ఒక గుండును రెండు వేళ్లతో మొదటిసారికే తీసి, పక్కన నిలబెట్టాలి. నిలబెట్టలేకపోతే ఆ పిల్ల రైఫిల్ ముట్టుకోదు. ప్రతి పది గుళ్లకు ఒకసారి మళ్లీ చూస్తాం. మధ్యలో వణుకు వస్తే ఎంత మంచి సిరీస్ (వరసగా పది గుళ్లు) నడుస్తున్నా ఆపి, బోల్టు (గుండు పెట్టే చోటును తెరిచే మీట) తెరిచి, లోపల గుండు లేదని చూసుకుని, గొట్టంలో ఆరెంజ్ రంగు సేఫ్టీ తీగ పెట్టి, రైఫిల్ మొన టార్గెట్ వైపే ఉంచి బల్ల మీద పెట్టాలి. మంచి స్కోరు వస్తుంటే పిల్లలు ఆపమన్నా ఆపరు. పెద్దవాళ్లే కఠినంగా ఉండాలి.

చేతులు చల్లబడ్డాయంటే చాలామంది గ్లవుజులు కొంటారు. ట్రిగ్గర్ చేతికి మందం గ్లవుజు వేసి కాల్చడం మాత్రం ఎప్పుడూ వద్దు. స్పర్శ కోసమే ఇంత పాట్లు పడుతుంటే దాన్నే కప్పేసినట్టవుతుంది. పాత ఉన్ని సాక్సు కొన కత్తిరించి మణికట్టుకు తొడగండి. వేళ్లకు వెళ్లే రక్తం అక్కడి నుంచే పోతుంది, పైగా మణికట్టు దగ్గర చర్మం పల్చన. గుండుకూ గుండుకూ మధ్య చెయ్యి జేబులో ఉండాలి. నడుము పైభాగం వెచ్చగా ఉంటే చేతులకు రక్తం దానంతట అదే వస్తుంది, కాబట్టి చేతుల కన్నా ముందు ఛాతీని కప్పండి. చేతులు లేని పల్చటి ఉన్ని స్వెట్టరు చాలు.

ఇక్కడ ఒక చిక్కుంది. షూటింగ్ జాకెట్ వేసే పిల్లలకు లోపలి బట్టల మందం 2.5 మిల్లీమీటర్లు దాటకూడదని అంతర్జాతీయ రూలు. ఇంట్లో మందం స్వెట్టరు మీద జాకెట్ వేసి అలవాటు పడితే పోటీ రోజు పొజిషన్, అంటే రైఫిల్ పట్టి నిలబడే తీరు, మొత్తం మారిపోతుంది. పోటీకి ఏది వేసుకుంటారో ప్రాక్టీసుకూ అదే వేసుకోవాలి. జాకెట్ విప్పి కూర్చున్నప్పుడు మాత్రం దుప్పటి కప్పుకున్నా తప్పులేదు.

బనియను సంగతి చాలామంది పట్టించుకోరు. ఒళ్లు వేడెక్కాలని పిల్లలు వచ్చీ రాగానే నాలుగు రౌండ్లు పరిగెత్తుతారు, నూలు బనియను చెమటకు తడుస్తుంది, దాని మీదే జాకెట్ బిగిస్తారు. పది నిమిషాలకు ఆ తడి వీపంతా ఐసులా అంటుకుంటుంది. నూలు తడిస్తే తొందరగా ఆరదు. పరిగెత్తించొద్దు, భుజాలు, మణికట్లు, మడమలు చెమట పట్టనంత వరకు తిప్పిస్తే చాలు. సంచిలో ఇంకో పొడి బనియను ఎప్పుడూ ఉండాలి. జేబులో మడిచిన రుమాలు కూడా, ఎందుకంటే మంచుకు రైఫిల్ చెంప పట్టీ తడుస్తుంది, ఆ తడి పట్టీకి చెంప ఆనిస్తే ఒళ్లంతా జివ్వుమంటుంది.

మంకీ క్యాపు పెట్టొద్దు. పొద్దునే మా నాయనమ్మ పెట్టినట్టు చెవుల మీదుగా గెడ్డం దాకా లాగేస్తారు గదా, దాంతో రేంజిలో "స్టాప్" అని అరిచినా వినపడదు. బైకు దిగగానే తీసేసి, చెవుల దాకా వచ్చే పల్చటి టోపీ పెట్టండి, చెవులు మూసుకుపోకుండా చూడండి. శాలువా, చున్నీ కొంగులు వేలాడుతుంటే లోడ్ చేసేటప్పుడు బోల్టులో పడతాయి, అవీ వద్దు.

అసలు సగం చలి షెడ్డులో కాదు, దారిలోనే పడుతుంది. కోవూరు, బుచ్చి వైపు నుంచి వచ్చే పిల్లలు పెన్నా వంతెన దాటి వచ్చేసరికి చేతులు కొయ్యబారి ఉంటాయి. బైకు మీద ముందు కూర్చోబెట్టకండి, వెనక కూర్చోబెట్టి మీ వీపు అడ్డం పెట్టండి. చొక్కాకీ స్వెట్టరుకీ మధ్య ఛాతీ మీద న్యూస్ పేపరు మడిచి పెట్టడం మన లారీ డ్రైవర్లు ఎప్పటినుంచో చేసేదే, గాలి లోపలికి రాదు. వచ్చాక కనీసం ఇరవై నిమిషాలు ఆగి అప్పుడు రైఫిల్ పెట్టె తెరవండి. హైవే మీద మంచు దట్టంగా పడిన రోజు ప్రాక్టీసు మానేయండి. పుష్యమాసంలో పూస గుచ్చ పొద్దుండదంటారు. జనవరి మొదట్లో ఇక్కడ సూర్యుడు పైకొచ్చేసరికి ఆరున్నర దాటుతుంది. ఒక గంట ఆలస్యంగా మొదలుపెడితే వెలుగు, వెచ్చదనం రెండూ వస్తాయి.

మన జిల్లాలో చలికాలమంటే వానాకాలం కూడా. ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరు దాకా ఉంటాయి. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చి పోయాక మా షెడ్డు నేల వారం దాకా చెమ్మ వదల్లేదు. నిలబడి కాల్చేవాళ్ల కాళ్ల కింద మెత్తటిదేమీ వేయకండి, బ్యాలెన్స్ తప్పుతుంది. కాల్చనప్పుడు కుర్చీలో కూర్చోబెట్టి పాదాల కింద గోనెసంచి నాలుగు మడతలు వేయండి. సాక్సులు తడిస్తే వెంటనే మార్చాలి. ఎన్‌సీసీ పిల్లలు .22 రైఫిల్‌తో పడుకుని ఫైరింగ్ చేసేటప్పుడు మంచు గడ్డి మీద నేరుగా చాప పరిస్తే ఛాతీ, మోచేతులు తడిసిపోతాయి. ముందు టార్పాలిన్, దాని మీద చాప వేయాలి.

ఇక నిప్పు. చలి ఎక్కువగా ఉందని షెడ్డు చుట్టూ పట్టాలు దించి, మధ్యలో బొగ్గుల కుంపటి పెట్టడం నేను చూశాను. దయచేసి అలా చేయకండి. మూసిన చోట బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. తలనొప్పి, వికారం, మగత వస్తాయి, చలికి మందంగా ఉందేమో అనుకుని పిల్లలు అక్కడే కూలబడతారు. మంట కావాలంటే బయట, ఆరుబయట, రైఫిళ్లకూ, గుండును నెట్టే గాలి నింపిన సిలిండర్లకూ దూరంగా పెట్టుకోండి. తిమ్మిరెక్కిన చేతులు మంట మీద పెడితే కాలినా తెలియదు. చంకల్లో గానీ, గోరువెచ్చని నీళ్లలో గానీ పెట్టించండి.

ఒక్క మాట సీసం గురించి. చలికాలంలో పిల్లలు చల్లటి కుళాయి నీళ్లతో చేతులు కడుక్కోరు, రుద్దుకుని నేరుగా టీ గ్లాసు పట్టుకుంటారు, మురుకులు తింటారు. గుళ్లు సీసంతో చేసినవి. ఆ పొడి వేళ్ల నుంచి నోట్లోకి పోతుంది, ఎదిగే పిల్లలకు అది మరీ చెడ్డది. శానిటైజరు సీసాన్ని పోగొట్టదు. అందుకే నేను రోజూ ఒక క్యానులో వేడినీళ్లు, ఒక సబ్బు పట్టుకెళ్తాను. నీళ్లు వెచ్చగా ఉంటే ఎవరూ చెప్పకుండానే కడుక్కుంటారు. పెదాల మధ్య గుండు పట్టుకునే అలవాటు ఉంటే మాన్పించండి.

తాగడానికి ఫ్లాస్కులో రాగి జావ గానీ, శొంఠి వేసిన బెల్లం నీళ్లు గానీ ఇవ్వండి. స్ట్రాంగ్ కాఫీ ఎక్కువైతే చెయ్యి వణుకుతుంది. చలికి దాహం తెలియదు, అయినా నీళ్లు తాగించాలి. ఉబ్బసం ఉన్న పిల్లలకు ఇన్‌హేలర్ సంచిలో ఉండాలి. ఎవరి వేళ్లయినా తరచూ తెల్లగా పాలిపోయి, తర్వాత నీలంగా మారుతుంటే దాన్ని మామూలు చలి అనుకోకుండా డాక్టరుకు చూపించండి.

ఇక్కడి చలి ఇలా ఉంటే, జాతీయ పోటీల కోసం డిసెంబరులో ఢిల్లీకో భోపాల్‌కో వెళ్లాల్సి వస్తే అది వేరే లోకం. తుగ్లకాబాద్‌లోని డాక్టర్ కర్ణీసింగ్ షూటింగ్ రేంజ్ 1982 ఆసియా క్రీడల కోసం కట్టింది. 10 మీటర్ల హాలు లోపలే ఉంటుంది గానీ, 50 మీటర్లు కాల్చేవాళ్లకు ముందంతా ఆరుబయలే. అక్కడ రాత్రి 7, 8 డిగ్రీలకు దిగుతుంది. మంచుకు రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి, పోటీకి కనీసం రెండు రోజుల ముందు చేరేలా టికెట్లు చేయించుకోండి. రూములో కుంపటి పెట్టుకుని నిద్రపోకండి, హీటరు పెట్టుకున్నా కిటికీ సందు తెరిచే ఉంచండి.

గాలి సిలిండర్ గురించి ముందే పిల్లలకు చెప్పండి. మన దగ్గర 30 డిగ్రీల్లో 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) నింపింది అక్కడ 8 డిగ్రీలకు చల్లబడితే గేజీలో ముల్లు 185 దగ్గరే ఉంటుంది. గాలి లీకైందని టెన్షన్ పడొద్దు. వేడి చేస్తే పెరుగుతుందని హీటరు దగ్గర అసలే పెట్టొద్దు. శ్వాస తగిలితే కంటి దగ్గర గురి చూసే వెనక సైట్ అద్దం మసకబారుతుంది, ఊపిరి పక్కకు వదిలేలా ప్రాక్టీసు ఇక్కడే చేయించండి.

తిరిగొచ్చాక రైఫిల్ పెట్టెను రైలు దిగిన గంటలోనే తెరవకండి. చల్లటి ఇనుముకు మన తీరపు ఉప్పుగాలి తగిలితే చెమ్మ పట్టి తెల్లారేసరికి తుప్పు మొదలవుతుంది. మూత వేసే ఉంచి, పెట్టె గది వేడికి వచ్చాక, సాయంత్రం తెరిచి, పొడిబట్టతో తుడిచి, తర్వాత నూనె అద్దిన బట్టతో ఒకసారి తుడవండి.