టమాటా నారును నిమిరి గట్టిపరచండి

మేడ మీద టమాటా నారు సన్నగా సాగిపోతుంటే ముందు ట్రేను ఎండ తగిలే చోటికి మార్చండి. వెలుతురు చాలకపోతే ఇంకేం చేసినా లాభం లేదు. ఆ తర్వాత చేత్తో నిమరండి. తరచూ తాకిడికి గురైన మొక్క ఇథిలీన్ వంటి హార్మోన్ల సాయంతో కాండాన్ని పొట్టిగా, దృఢంగా పెంచుకుంటుంది. ఈ స్పందనకు 1973లో మార్క్ జాఫ్ అనే శాస్త్రవేత్త ‘థిగ్మోమార్ఫోజెనిసిస్’ అని పేరు పెట్టారు.

మొలకతో వచ్చే జత ఆకుల తర్వాత రెండు అసలు ఆకులు విచ్చుకున్నాక మొదలుపెట్టండి. అరచేతిని బోర్లించి, ఆకుల కొసలు మాత్రమే తగిలేలా ట్రే ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా జరపండి. మొక్కలు వంగి, చెయ్యి దాటగానే నిటారుగా లేవాలి. లేవలేదంటే గట్టిగా నొక్కినట్టే. పొద్దున పదిసార్లు, సాయంత్రం పదిసార్లు చాలు. వేళ్లకు పచ్చటి జిడ్డు అంటుకుంటుంది. ఆకు నూగులోని గ్రంథుల నుంచి వచ్చే ఆ ఘాటు వాసన నాకెంతో ఇష్టం.

ఆకులు తడిగా ఉంటే మాత్రం ముట్టుకోవద్దు, తెగుళ్లు పాకుతాయి. బీడీ, చుట్ట పట్టిన చేతులైతే సబ్బుతో కడుక్కోవలసిందే. పొగాకు మొజాయిక్ వైరస్ టమాటాకూ సోకుతుంది.

నాటడానికి వారం ముందు నీళ్లు కొంచెం తగ్గించండి, కానీ నారు వాడిపోనివ్వకండి.