మామూలు కయాక్‌ని చేపల వేటకి రెడీ చేసుకోవడం ఎలా

తక్కువ రేటులో దొరికే మామూలు కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) ఉంటే చాలు, గాలం వేయడానికి విడిగా ఫిషింగ్ కయాక్ కొననక్కర్లేదు. కాకపోతే డ్రిల్ పట్టుకునే ముందు, ఏమీ బిగించకుండా ఉన్నది ఉన్నట్టే నీళ్లలోకి దింపి ఒక రాడ్, ఒక చిన్న డబ్బా పెట్టుకుని బాగా అలవాటయ్యేదాకా తిరగండి. చెయ్యి ఎక్కడిదాకా అందుతుందో, తెడ్డు వేసేటప్పుడు మోచెయ్యి ఎక్కడ తగులుతుందో, వెనక్కి తిరిగితే పడవ ఎంత ఒరుగుతుందో ఇవన్నీ ఇంట్లో కూర్చుని కొలతలు తీస్తే తెలిసేవి కావు. చాలామంది కొన్న రోజే రాడ్ హోల్డర్లు బిగించేస్తారు, తీరా నీళ్లలోకి వెళ్లాక తెడ్డు ప్రతిసారీ వాటికే కొట్టుకుంటుంది, అప్పుడిక ఆ రంధ్రాలు పూడ్చుకుంటూ కూర్చోవాలి.

రెండోది బరువు. కయాక్ మీద రాసుండే కెపాసిటీ అంటే అది మునగకుండా మోసే బరువు అనుకోండి, హాయిగా గాలం వేసుకోగలిగే బరువు కాదు. అందులో 70 శాతం దగ్గర ఆగిపోవడం మంచి పద్ధతి, అంటే 120 కిలోలు అని ఉంటే మీరు, బట్టలు, లంగరు, బ్యాటరీ, నీళ్ల సీసా అన్నీ కలిపి 84 కిలోలు. చిన్న కయాక్‌లకి ఈ లెక్క చాలా త్వరగా నిండిపోతుంది, అందుకే ఏది బిగించాలన్నా ముందు దాని బరువెంతో చూసుకోండి.

మీది పైన కూర్చునే రకమా, లోపల కాళ్లు పెట్టుకుని కూర్చునే రకమా అన్నదాన్ని బట్టి కూడా పని మారుతుంది. పైన కూర్చునే దాంట్లో స్కప్పర్ రంధ్రాలు ఉంటాయి, పైకొచ్చిన నీళ్లు వాటిలోంచి వాటంతటవే పోతాయి, ఒకవేళ తిరగబడినా మళ్లీ తిప్పి ఎక్కొచ్చు. లోపల కూర్చునేది తిరగబడితే మాత్రం నిండా నీళ్లు పట్టేస్తుంది, ఒక్కళ్లే ఖాళీ చేయడం చాలా కష్టం. కాబట్టి అలాంటిది ఉన్నవాళ్లు అన్నిటికంటే ముందు ముక్కులో, వెనక కొసలో గాలి సంచులు గానీ గట్టి ఫోమ్ గానీ కూరి, ఊడి రాకుండా పట్టీలతో కట్టాలి. రాడ్ హోల్డర్ సంగతి ఆ తర్వాతే.

ఇప్పుడు డ్రిల్ సంగతి, ఇక్కడే కాస్త ఓపిక కావాలి. ఈ కయాక్‌లు ఎక్కువగా పాలిథిలీన్ ప్లాస్టిక్‌తో చేస్తారు, దానికి సూపర్ గ్లూ గానీ మామూలు ఎపాక్సీ గానీ నిలబడవు, కొన్నాళ్లకి పొరలా ఊడి వచ్చేస్తాయి. అందుకని ఏదైనా సరే బోల్ట్‌తోనో రివెట్‌తోనో బిగించాల్సిందే. లోపలికి చెయ్యి వెళ్లే చోట స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్ట్, అవతలి వైపు వెడల్పాటి వాషర్, నైలాక్ నట్ (లోపల నైలాన్ రింగు ఉండి వదులవని నట్) వాడండి, అంతకంటే గట్టిది లేదు. చెయ్యి వెళ్లని చోటికి లోపల మూడు రెక్కలుగా విచ్చుకునే అల్యూమినియం రివెట్లు ఉంటాయి, మామూలు పాప్ రివెట్ కంటే ఇవి ప్లాస్టిక్‌ని చాలా బాగా పట్టుకుంటాయి, ఎందుకంటే లాగే బరువు ఒకే బిందువు మీద పడకుండా విడిపోతుంది. 4.8 ఎంఎం రివెట్‌కి దాదాపు 5 ఎంఎం బిట్ సరిపోతుంది.

గీత గీసుకుని, మాస్కింగ్ టేప్ అంటించి, ముందు సన్న బిట్‌తో చిన్న రంధ్రం వేసి తర్వాత పెద్దది చెయ్యండి, డ్రిల్ నెమ్మదిగా తిప్పండి, స్పీడ్ పెంచితే ప్లాస్టిక్ కోసుకోకుండా కరిగి రంధ్రం వంకర పోతుంది. బిట్ ఎంత లోతు దిగాలో దాని మీద టేప్ చుట్టి గుర్తు పెట్టుకోండి. వెనక ఏముందో, అవతలి గోడ ఎంత దూరంలో ఉందో చూసుకోకుండా ఎక్కడా రంధ్రం వేయొద్దు. బిగించే ముందు ప్రతి రంధ్రం చుట్టూ మెరైన్ సీలెంట్ (పడవలకి వాడే, నీళ్లు ఆపే ముద్ద) గానీ బ్యూటైల్ టేప్ (మెత్తటి జిగురు రబ్బరు టేపు) గానీ పెట్టండి, అది ప్లాస్టిక్‌కి గట్టిగా అంటుకోకపోయినా బోల్ట్ నొక్కుడికి మధ్యలో ఇరుక్కుని నీళ్లు ఆపుతుంది. మీరు సామాన్లతో కూర్చున్నప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీతకి కింద ఒక్క రంధ్రం కూడా వద్దు.

రాడ్ హోల్డర్లు రెండు చాలు. ఒకటి ముందు, కూర్చున్న చోట నుంచి వంగకుండా అందేటట్టు, తెడ్డు వేసే దారికి అడ్డం లేకుండా. రెండోది సీటు వెనక. అసలు బిగించేకంటే ముందు హోల్డర్‌ని టేప్‌తో అంటించి, ఒడ్డు పక్కనే తెడ్డు వేసి చూడండి, రెండు వైపులా చేతులు సాఫీగా కదిలితేనే ఆ చోటు ఖాయం చేసుకోండి. కయాక్ ఒంట్లోకి దిగిపోయే రకం హోల్డర్ చూడ్డానికి బాగుంటుంది గానీ దానికి పెద్ద రంధ్రం కొయ్యాలి, అడుగు తెరిచి ఉండే రకమైతే నీళ్లు నేరుగా లోపలికే పోతాయి, అడుగు మూసి ఉన్నదే తీసుకోండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన మార్పుకి అయితే ఒక్క రంధ్రం కూడా అక్కర్లేదు. ఒక గట్టి ప్లాస్టిక్ క్రేట్ తీసుకుని, దాని పక్కలకి రాడ్ పిడి పట్టేంత పీవీసీ పైపు ముక్కలు జిప్ టైలతో బిగించి, సీటు వెనక బంగీ తాళ్లతో కట్టేస్తే రాడ్లు, ఎరల డబ్బా, కట్టింగ్ ప్లయర్ అన్నీ ఒకేచోట ఉంటాయి, ఇంటికొచ్చాక క్రేట్ తీసేస్తే కయాక్ మళ్లీ మామూలు కయాకే. పైపు పై అంచుని నున్నగా అరగదియ్యడం మర్చిపోవద్దు, లేదంటే రాడ్ పిడి గీరుకుపోతుంది. సీటు విషయానికొస్తే, వీపుకి ఆనుకునే మంచి సీటు వేసుకోండి, నడుం నొప్పి లేకుండా ఎక్కువసేపు కూర్చోవచ్చు, అయితే ఎత్తు మాత్రం పెంచొద్దు, ఇరుకు కయాక్‌లో కొద్దిగా పైకి లేచినా ఊగడం బాగా పెరుగుతుంది.

లంగరుకి 1.5 కిలోల మడత లంగరు ఈ సైజు పడవకి సరిపోతుంది. తాడు నీటి లోతుకి కనీసం మూడు రెట్లు ఉండాలి, గాలి ఉంటే ఇంకా ఎక్కువ. లంగరుని ఎప్పుడూ పక్క నుంచి కట్టొద్దు, గాలో ప్రవాహమో అడ్డంగా తగిలి కయాక్‌ని బోర్లించేస్తుంది, ముక్కుకి గానీ వెనక కొసకి గానీ లాగేటట్టు ఉండాలి. సీట్లోంచి అక్కడిదాకా చెయ్యి అందదు కదా, అందుకే రెండు కొసల్లో రెండు చిన్న కప్పీలు బిగించి వాటి మీదుగా ఒక తాడు పొడుగునా తిప్పి మధ్యలో రింగు పెడతారు, లంగరు తాడు ఆ రింగులోంచి పోతుంది, కప్పీల మీది తాడు లాగితే రింగు ముందుకో వెనక్కో వెళ్తుంది. లంగరు తాడు చివర ఒక తేలే బుడ్డ కట్టి, ఒక్క లాగుకే ఊడేటట్టు పెట్టుకోండి. వేగంగా పారే నీళ్లలో అసలు లంగరే వేయొద్దు.

ఫిష్ ఫైండర్ (శబ్ద తరంగాలతో నీళ్ల కింద లోతుని, చేపల్ని చూపించే పరికరం) కావాలంటే చిన్నది చాలు. 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ రోజంతా నడిపిస్తుంది, మామూలు లెడ్ యాసిడ్‌ది రెండు కిలోల పైనే ఉంటుంది, లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ది అందులో సగం కూడా ఉండదు. బ్యాటరీకి దగ్గర్లోనే, ఫైండర్‌తో వచ్చిన కాగితంలో చెప్పిన సైజు ఫ్యూజు పెట్టి, నీళ్లు చొరబడని డబ్బాలో ఉంచండి. ట్రాన్స్‌డ్యూసర్‌ని, అంటే ఆ తరంగాల్ని పంపి అందుకునే భాగాన్ని, బయట బిగించక్కర్లేదు, కయాక్ అడుగు ఒకే పొర ప్లాస్టిక్ అయితే లోపలివైపే గాలి బుడగలు లేకుండా డక్ట్ సీల్ అనే మెత్తటి బంకమట్టి లాంటి ముద్దలో ఒత్తిపెడితే మామూలు సోనార్ బాగానే చూపిస్తుంది. నీటి వేడి మాత్రం సరిగా చెప్పదు. డౌన్ ఇమేజింగ్, సైడ్ ఇమేజింగ్ (కింద, పక్కల ఉన్నవి ఫోటోలా స్పష్టంగా చూపించేవి) కావాలనుకుంటే మాత్రం ట్రాన్స్‌డ్యూసర్ నీళ్లకి నేరుగా తగలాల్సిందే.

తెడ్డుకి, రాడ్లకి, ప్లయర్‌కి అన్నిటికీ లీష్ తాళ్లు (నీళ్లలో పడి పోకుండా కయాక్‌కి కట్టి ఉంచే తాళ్లు) కట్టండి, తాళ్లు మరీ పొడుగు ఉండొద్దు, కాళ్లకి చుట్టుకుంటాయి. తాళ్లు ఇన్ని ఉన్నప్పుడు లైఫ్ జాకెట్ మీద ఒక చిన్న కత్తి, ఒక విజిల్ ఉండి తీరాలి, ఆ జాకెట్ కూడా కయాక్‌లో పడేసి కాదు, ఒంటి మీద బిగించుకునే ఉండాలి.

అన్నీ బిగించాక మొదటిసారి చేపల కోసం వెళ్లొద్దు. నడుం లోతు నీళ్లలో, పక్కన ఒక మనిషిని పెట్టుకుని, ఖరీదైన సామాన్లు ఒడ్డున వదిలేసి కావాలనే కయాక్‌ని తిరగెయ్యండి. ఏది ఊడిపోయింది, ఏది తేలింది, తిరిగి ఎక్కేటప్పుడు ఏ హోల్డర్ పొట్టకి తగిలి అడ్డం వచ్చింది అన్నీ అప్పుడే బయటపడతాయి, అడ్డం వచ్చినదాని చోటు మార్చండి. తర్వాత ఒడ్డుకి లాగి డ్రెయిన్ ప్లగ్ (లోపలి నీళ్లు వదిలే బిరడా) తీసి వంచి చూడండి, కొద్దిగా తడి పర్లేదు గానీ నీళ్లు ధారగా కారితే బోల్ట్‌లన్నీ ఒక్కొక్కటిగా విప్పి మళ్లీ సీలెంట్ పెట్టి, ఇంకోసారి నీళ్లలో తేల్చి చూశాకే రాడ్లు ఎక్కించండి.