డెక్ కడిగే పంపు: సగం పని హైదరాబాద్‌లోనే ముగించుకోండి

హుస్సేన్ సాగర్‌లో లేజర్లు, ఆప్టిమిస్ట్‌లు లాంటి చిన్న తెరచాప పడవలు నడిపేవాళ్లకి ఇది అక్కర్లేదు, ఒడ్డుకి లాగి కుళాయి పైపుతో కడిగేస్తే అయిపోతుంది. ఇది క్యాబిన్, బ్యాటరీ ఉన్న కాస్త పెద్ద సెయిల్‌బోట్ సంగతి. పడవేమో విశాఖలోనో గోవాలోనో, మనమేమో కూకట్‌పల్లిలో. యాంకర్ ఎత్తిన ప్రతిసారీ గొలుసుతోపాటు నల్లటి బురద డెక్ మీదికి వస్తుంది, బకెట్‌తో తోడి పోస్తూ కూర్చుంటే అది ఎంతకీ తెమలదు. అందుకే 12 వోల్టుల పంపు. బిగించడం బ్రహ్మవిద్యేం కాదు, కానీ ఎండకి ఉడికిపోతున్న క్యాబిన్‌లో మోకాళ్ల మీద కూర్చున్నాక ఒక్క నిపుల్ (పైపులు కలిపే చిన్న ముక్క) సరిపోలేదని తేలితే ఆ రోజు పోయినట్టే, పక్కనే రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపులు ఉండవు కదా. కాబట్టి పంపు, స్ట్రైనర్ (నీటిలో చెత్త ఆపే జల్లెడ), స్విచ్ అన్నీ ఒక మెరైన్ ప్లైవుడ్ ముక్క మీద ఇంట్లోనే బిగించి, నడిపి చూసి, ఆ పలకని అలాగే పట్టుకెళ్లి పడవలో స్క్రూలతో కూర్చోబెట్టండి.

పంపు డయాఫ్రమ్ రకంది, అంటే లోపల రబ్బరు పొర ఆడుతూ నీళ్లు నెట్టేది కావాలి, ఒత్తిడిని బట్టి ఆపే ప్రెషర్ స్విచ్ దానికే ఉండాలి. నిమిషానికి 13 నుంచి 19 లీటర్లు, 60-70 పీఎస్‌ఐ ఒత్తిడి దగ్గర ఆగిపోయేది చాలు. నాజిల్ మూస్తే తనే ఆగుతుంది, తెరిస్తే తనే మొదలవుతుంది. నీళ్లలో మునిగి ఉండక్కర్లేదు, కింద నుంచి తనే లాక్కుంటుంది. పడవ అడుగున చేరిన నీళ్లు తోడే బిల్జ్ పంపు ఒకటి ఖాళీగా ఉంది కదా అని దాన్ని పెట్టకండి, అది నీళ్లు బాగానే తోడుతుంది గానీ బురద వదిలేంత ఒత్తిడి ఇవ్వదు.

కొనేటప్పుడు చాలామంది బోల్తా పడేది థ్రెడ్ దగ్గర. ఈ పంపుల నోళ్లు ఎక్కువగా అమెరికన్ పద్ధతి అర అంగుళం థ్రెడ్‌తో వస్తాయి, మన షాపుల్లో ఉండేవి బీఎస్‌పీ, అంటే బ్రిటిష్ పద్ధతి థ్రెడ్. రెండిటికీ అంగుళానికి 14 చుట్లే, అందుకే మొదటి రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కుతుంది, సరిపోయిందనిపిస్తుంది. కానీ ఒకదాని కోణం 60 డిగ్రీలు, ఇంకోదానిది 55, సీల్ కాదు. ఇంకాస్త బిగిస్తే ప్లాస్టిక్ నోరు చీలుతుంది. షాపాయన “ఏం గాదు సార్, ఇంకో రెండు చుట్లు టేప్ కొట్టండి” అంటాడు, వినకండి. టెఫ్లాన్ టేప్ ముక్క ఊడి లోపల వాల్వ్‌లో ఇరుక్కుంటే పంపు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు రావు. పంపుతో పాటు వచ్చే ఫిట్టింగులే వాడండి, వాటికి లోపల రబ్బరు వాషరో ఓ-రింగో ఉంటుంది, చేత్తో బిగిస్తే చాలు. పంపుని పట్టుకెళ్లి షాపులోనే తిప్పి చూసుకోవడం అన్నిటికన్నా మంచిది.

నీళ్లు లాగే వైపు మీద మనసు పెట్టండి, పంపు పని చేయకపోతే తప్పు ఎక్కువగా అక్కడే దొరుకుతుంది. ఆ వైపు లీకు ఉంటే నీళ్లు కారవు, గాలి లోపలికి పోతుంది, అందుకే కంటికి కనపడదు. వరసేమిటంటే, హల్‌కి, అంటే పడవ అడుగు గోడకి, రంధ్రంలో బిగించిన త్రూ-హల్ ఫిట్టింగు, దానిమీద నీళ్లు ఆపే వాల్వ్ సీకాక్, తర్వాత స్ట్రైనర్, తర్వాత పంపు. స్ట్రైనర్ లేకుండా ఒక్క నిమిషం కూడా నడపొద్దు, ఒక ఇసుక రేణువు చాలు వాల్వ్ సరిగ్గా మూసుకోకుండా చేయడానికి. గిన్నె పారదర్శకంగా ఉన్నది కొనండి, చేతికి అందే చోట పెట్టండి. లాగేటప్పుడు నొక్కుకుపోని, లోపల తీగ చుట్టున్న హోసే వాడాలి, తోటకి వాడే పైపు నొక్కుకుపోతుంది. పంపుకి రెండు వైపులా కనీసం అరమీటరు మెత్తటి హోస్ ఉంచండి, నేరుగా గట్టి పైపు కలిపితే ఆ గడగడ అంతా పడవకి పాకుతుంది. ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ల లైన్‌లోంచి మాత్రం టీ జాయింట్ పెట్టి పాయ తీయకండి, డెక్ కడుగుతూ ఇంజన్ వేడెక్కించుకోవడం అనవసరపు టెన్షన్.

నీటిమట్టం కింద ఉండే ప్రతిదీ రాణిగంజ్ సరుకుతో అయ్యే పని కాదు. మామూలు ఇత్తడి బాల్ వాల్వ్ సముద్రపు నీటిలో ఉంటే దానిలోని జింక్ కరిగిపోయి, పైకి బాగానే కనిపిస్తూ ఒకరోజు చేతిలో విరుగుతుంది. కంచుదో, జింక్ కరగకుండా చేసిన డీజడ్‌ఆర్ ఇత్తడిదో, మెరైన్ ప్లాస్టిక్‌దో తెప్పించుకోండి, ఇక్కడ పిసినారితనం పడవనే ముంచుతుంది. హోస్ చివర రెండేసి క్లిప్పులు వేయాలి, అవి 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి. షాపుకి చిన్న అయస్కాంతం తీసుకెళ్లండి, చాలా క్లిప్పుల్లో పట్టీ స్టీలే గానీ స్క్రూ పూత వేసిన ఇనుము, అదే ముందు తుప్పు పడుతుంది.

ఇక కరెంటు. పంపు 10 ఆంపియర్లు లాగుతుంది, బ్యాటరీ 5 మీటర్ల దూరంలో ఉంది అనుకోండి. పోయే తీగ, వచ్చే తీగ కలిపి 10 మీటర్లు లెక్కపెట్టాలి. 1.5 స్క్వేర్ ఎంఎం తీగలో సుమారు 1.2 వోల్టులు దారిలోనే పోతాయి, అంటే పదోవంతు. 2.5లో 0.7, 4లో 0.45, 6లో 0.3. నేనైతే 4కి తక్కువ వేయను, పంపు ముందు డెక్ దగ్గర ఉంటే 6. మెరైన్ తీగ దొరకడం కష్టమంటారు గానీ సోలార్ ప్యానెళ్లకి వేసే డీసీ కేబుల్ అడగండి, 4, 6 సైజుల్లో ట్రూప్ బజార్‌లో దొరుకుతుంది, లోపల సన్నని రాగి పోగులకి తగరం పూత ఉంటుంది, ఉప్పుగాలికి మామూలు హౌస్ వైరింగ్ తీగలా పచ్చబడదు.

ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్‌కి వీలైనంత దగ్గర, ఏడు అంగుళాల లోపు. ఎంత సైజో పంపు మీదే రాసి ఉంటుంది. ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ పెట్టకండి, డీసీలో నిప్పురవ్వ అంత తేలిగ్గా ఆరదు. స్విచ్ కూడా డీసీ రేటింగ్ ఉన్నదే కావాలి. జాయింట్లు టంకం వేయకుండా క్రింప్ చేసి (టెర్మినల్‌ని తీగ మీద పనిముట్టుతో నొక్కి బిగించి), లోపల జిగురున్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) తొడగండి.

పరీక్షకి ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ ఉంటే అదే చాలు, ఇన్వర్టర్ ఆపేసి, మధ్యలో ఫ్యూజు పెట్టి. రెండు బ్యాటరీల ఇన్వర్టర్ అయితే మొత్తం 24 వోల్టులు ఉండొచ్చు, ఒక్క బ్యాటరీకే కలపండి. బకెట్‌లోంచి లాగించండి. తిరుగుతూ ఉన్నా నీళ్లు రాకుండా స్ట్రైనర్ గిన్నెలో బుడగలు వస్తుంటే లాగే వైపు గాలి పీలుస్తోంది. నాజిల్ మూశాక అప్పుడప్పుడూ ఒక్క క్షణం టక్‌మని తిరిగి ఆగుతుంటే పోసే వైపు కారుతోంది. నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర ఒకసారి, పంపు దగ్గర ఒకసారి మల్టీమీటర్ పెట్టి వోల్టుల్లో తేడా చూడండి.

పడవలో ఆ పలకని మోటారు పైకి, పంపు తల కిందికి ఉండేలా నిలువుగా పెట్టండి, ఎప్పుడైనా కారితే నీళ్లు మోటారులోకి పోవు. పెట్రోలు ఇంజన్ గదిలో మాత్రం వద్దు. డెక్‌కి రంధ్రం చేసేటప్పుడు లోపల బాల్సా చెక్క ఉంటే కొంచెం పెద్దగా కోసి, ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక మళ్లీ రంధ్రం చేయండి, లేకపోతే చెక్క లోపల్లోపల కుళ్లుతుంది.

పడవ వదిలి వెళ్లేటప్పుడు స్విచ్ ఆపేయాలి, సీకాక్ మూసేయాలి. హోస్ ఊడితే పంపుకి ఒత్తిడి తగ్గినట్టు అనిపించి తిరుగుతూనే ఉంటుంది, సముద్రాన్ని మీ క్యాబిన్‌లోకి తోడుతుంది.

పడవ హుస్సేన్ సాగర్‌లోనే ఉంటే ఆ నీళ్లతో డెక్ కడగడం కన్నా కడగకపోవడం మేలు. త్రూ-హల్ వదిలేసి 20 లీటర్ల నీళ్ల క్యాన్ నుంచి లాగించండి. నిమిషానికి 13 లీటర్ల పంపుకి ఒక క్యాన్ నిమిషంన్నర వస్తుంది, కాబట్టి చేతిలో నొక్కితేనే వదిలే నాజిల్ పెట్టుకుని, ముందు చీపురుతో తోసేసి, ఆఖర్లో కొట్టండి.